మైకు మూగబోయిన సాయంత్రం: నాలుగు డయోడుల పక్షాన ఒక వాదన

2024 జనవరిలో మన సంఘం జరుపుకున్న సంక్రాంతి సంబరాలకు వచ్చినవారికి ఆ సాయంత్రం గుర్తుండే ఉంటుంది. తెనాలి నుంచి కూతురింటికి వచ్చిన ఒక పెద్దావిడ రెండు త్యాగరాజ కీర్తనలు పాడడానికి వేదిక మీదికి వచ్చి కూర్చున్నారు. శ్రుతిపెట్టె మోగుతోంది. పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల్లులు సర్దుకున్నారు. మైకు మాత్రం పలకలేదు. పది నిమిషాలసేపు తీగలు లాగి చూశాం, ప్లగ్గులు పీకి మళ్ళీ పెట్టాం, స్పీకర్లను అనుమానించాం. చివరికి ఆవిడ, "పోనీలే నాయనా, మా చిన్నప్పుడు మైకులెక్కడివి?" అని గొంతెత్తి పాడారు. ముందు నాలుగు వరుసలవారు విన్నారు. వెనుక కూర్చున్నవారికి ఆవిడ పెదవుల కదలిక తప్ప మరేమీ అందలేదు. ఆ వేసవిలోనే ఆవిడ స్వదేశం వెళ్ళిపోయారు.

ఆ అపరాధం ఎవరిదని కార్యవర్గ సమావేశంలో చర్చ జరిగింది. హాలు యాజమాన్యాన్ని తప్పుపట్టినవారున్నారు, అద్దె స్పీకర్లను తప్పుపట్టినవారున్నారు. నిజానికి ఆ అపరాధం నాది. మైకు నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని పెంచి పెద్ద ఏంప్లిఫయరుకు అందించే చిన్న పెట్టెను నా చేతులతో నేనే కట్టి సంఘానికి ఇచ్చాను. వృత్తిరీత్యా నేను రసాయన శాస్త్రజ్ఞుణ్ణి. ఎలక్ట్రానిక్సు నాకు బాల్యం నుంచి అంటుకున్న వ్యసనం. ఆ పెట్టెలో నాలుగు డయోడులు ఉండవలసిన చోట నేను ఒక్కటీ పెట్టలేదు. నాలుగూ కలిపినా అర డాలరు చేయవు. వాటిని ఎందుకు పెట్టలేదో, ఎందుకు పెట్టి తీరాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. సర్క్యూట్ల గొడవ మనకెందుకని పుట తిప్పేయకండి. ఇందులో సగం రసాయన శాస్త్రమే, మిగిలిన సగం తాడులాట.

మర్నాడు ఉదయం పెట్టెను వంటింటి బల్ల మీద పెట్టి స్విచ్చి నొక్కాను. చక్కగా పనిచేసింది! పదిసార్లు ఆర్పి వెలిగించినా పదిసార్లూ పనిచేసింది. ఇంతకన్నా చికాకు కలిగించే విషయం ప్రయోగశాలలో పనిచేసేవారికి మరొకటి ఉండదు. తప్పు చేసిన వస్తువు సాక్షుల ఎదుట అమాయకంగా నిలబడుతుంది. ముందు రోజు ఆ పెట్టె మూడు గంటలపాటు కారు డిక్కీలో, గడ్డకట్టే చలిలో ఉన్న సంగతి అప్పుడు తట్టింది. ఆ రాత్రి గరాజులో వదిలేసి, తెల్లవారుజామున అక్కడే స్విచ్చి వేశాను. మూడో ప్రయత్నంలో దొరికింది. దీపం వెలుగుతోంది కాని శబ్దం లేదు. మల్టీమీటరు పెట్టి చూస్తే మైనస్ 15 వోల్టులు ఉండవలసిన తీగలో అంతే ఉంది. ప్లస్ 15 ఉండవలసిన తీగలో మాత్రం సున్నాకన్నా కిందికి, ఒక వోల్టు పైచిలుకు మైనస్ ఉంది. ధనం ఉండవలసిన చోట ఋణం!

ఇది ఎలా సాధ్యం? శబ్దమంటే గాలిలో ఒత్తిడి హెచ్చుతగ్గులు. మైకు వాటిని సున్నాకు పైనా కిందా ఊగే విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. పైకీ కిందికీ సమానంగా ఊగే సంకేతాన్ని వికృతి లేకుండా పెంచాలంటే ఏంప్లిఫయరుకు సున్నాకు పైన ఒక సరఫరా, కింద ఒక సరఫరా ఉండడం సౌకర్యం. అందుకే ఇలాంటి పెట్టెల్లో ప్లస్ 15, మైనస్ 15 వోల్టుల జంట సరఫరాలు కనిపిస్తాయి. భుజం మీద కావడిబద్ద, రెండు వైపులా రెండు బిందెలు. ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చిన ఎగుడుదిగుడు వోల్టేజిని నిలకడగా ఉంచడానికి ప్లస్ వైపు 7815 అనే రెగ్యులేటరునూ, మైనస్ వైపు 7915 అనే దాని జోడీనీ వాడతాం. మూడేసి కాళ్ళున్న ఈ చిన్న నల్లని చిప్పులు దశాబ్దాలుగా ప్రపంచమంతటా కోట్ల పెట్టెల్లో నమ్మకంగా పనిచేస్తున్నాయి. ఇవాళ కూడా దుకాణంలో దొరుకుతాయి.

ఇక్కడే కిటుకు ఉంది. ఈ రెండు రెగ్యులేటర్లకూ ఒకదాని ఉనికి మరొకదానికి తెలియదు. ప్రతిదీ తన తీగకూ సున్నాకూ మధ్య 15 వోల్టులు ఉన్నాయా లేదా అని మాత్రమే చూసుకుంటుంది. కాని వాటి మీద ఆధారపడిన ఆపరేషనల్ ఏంప్లిఫయరు చిప్పులకు సున్నాతో నేరుగా సంబంధం లేదు. వాటి సరఫరా కాళ్ళు రెండే, ఒకటి ప్లస్ తీగకు, మరొకటి మైనస్ తీగకు. అంటే భారమంతా రెండు తీగల నడుమ వేలాడుతోంది. ఇప్పుడు కావడి పోలిక చాలదు, తాడులాటను తలచుకోవాలి. రెండు జట్లూ ఒకేసారి పట్టు బిగిస్తే తాడు నిటారుగా నిలుస్తుంది. ఒక జట్టు ఒక్క క్షణం ముందు లాగిందనుకోండి, కాళ్ళు తన్నిపెట్టుకోకముందే రెండో జట్టు గీత దాటి అవతలి వైపుకు ఈడ్వబడుతుంది. మైనస్ వైపు ముందుగా లేస్తే, భారం గుండా ప్లస్ తీగను సున్నాకు దిగువకు లాగేస్తుంది. ప్లస్ వైపు ముందైతే దానికి విపర్యయం.

ఒక వైపు ఎందుకు ఆలస్యమవుతుంది? నా పెట్టెలో కారణం సిగ్గుపడవలసినంత చిన్నది. వడపోత కెపాసిటర్లు రెండు వైపులా సమానంగా ఉండాలి. నా డబ్బాలో ఉన్నవాటితో సరిపెట్టుకుని, ప్లస్ వైపు 4700 మైక్రోఫారడులది, మైనస్ వైపు 2200 మైక్రోఫారడులది పెట్టాను. పెద్ద కుండ నిండడానికి ఎక్కువసేపు పడుతుంది. తేడా కొన్ని మిల్లీసెకన్లు మాత్రమే. ఆ కాస్త వ్యవధి చాలింది.

లాగబడిన రెగ్యులేటరు ఆ తరువాతైనా తేరుకుని లేవాలి కదా, ఎందుకు లేవలేదు? ఇలాంటి చిప్పు లోపల ఎన్నో సంధులు ఒకే సిలికాన్ పలక మీద పక్కపక్కనే ఉంటాయి. తన అవుట్‌పుట్ కాలు సున్నాకన్నా కిందికి ఎన్నడూ పోదన్న నమ్మకంతో వాటిని ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుచేశారు. ఆ నమ్మకం వమ్మైతే, నిద్రపోవలసిన సంధులు మేల్కొని, రూపకర్త గీయని దారుల్లో విద్యుత్తు పారుతుంది. చిప్పును మేల్కొలిపే భాగం తన పని తాను చేయలేదు. ఆ స్థితి తనంతట తానే కొనసాగుతుంది. ఇంజనీర్లు దీన్ని లాచప్ అంటారు. మన మాటల్లో గడియ పడడమనవచ్చు. తలుపు దానంతటది మూసుకుని, లోపలి గడియ పడిపోయి, బయటివారు ఎంత తట్టినా తెరుచుకోని స్థితి. పూర్తిగా ఆర్పి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, మళ్ళీ వేస్తే తెరుచుకోవచ్చు. "ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి" అనే సార్వజనీన వైద్యం ఎన్నో సందర్భాల్లో ఫలించడానికి ఒక కారణం ఇదే. ఆ సాయంత్రం మేమూ ఆపి వేశాం, కాని కంగారులో క్షణం కూడా ఆగకుండా వేశాం.

గడియ పడడం ఒక్క రెగ్యులేటర్ల జబ్బు కాదు. 1965లో బాబ్ విడ్లర్ రూపొందించిన 709 అనే తొలితరం ఆపరేషనల్ ఏంప్లిఫయరుకు కూడా, ఇన్‌పుట్ హద్దు మీరితే ఒక కొసకు అంటుకుపోయే స్వభావం ఉండేది. 1968లో డేవ్ ఫుల్లగర్ తెచ్చిన 741కు ఆ జబ్బు లేకపోవడం దాని ప్రచారంలో ఒక ముఖ్యాంశమైంది.

ఇక మందు. అవుట్‌పుట్ తీగ నుంచి సున్నాకు ఒక డయోడు, మామూలుగా ఉన్నప్పుడు విద్యుత్తు పారనివ్వని దిశలో. డయోడుకు ఒక కొసన తెల్లని చార ఉంటుంది. ప్లస్ తీగ దగ్గర చార ఉన్న కొస ప్లస్ వైపుకూ, మైనస్ తీగ దగ్గర చార ఉన్న కొస సున్నా వైపుకూ ఉండాలి. తిరగేసి పెడితే సరఫరాను నేరుగా సున్నాకు కలిపినట్లే, పొగ చూస్తారు. సరిగా పెడితే అంతా సవ్యంగా ఉన్నంతకాలం అది ఏమీ చేయదు. ఎవరైనా తీగను గీత దాటించబోతే మాత్రం 0.7 వోల్టు దగ్గర ఆపేస్తుంది. తాడులాటలో గీత పక్కనే పాతిన గుంజ అన్నమాట. రైతు కుటుంబాల నుంచి వచ్చినవారికి మరో పోలిక చెబుతాను. బావిలో మోటారు పైపు అడుగున ఫుట్ వాల్వు ఉంటుంది. నీరు పైకి పోనిస్తుంది, కిందికి జారనివ్వదు. అది పాడైతే మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీరు మాత్రం రాదు. 1904లో ఫ్లెమింగ్ తన రెండు ఎలక్ట్రోడుల గాజుబుడ్డికి వాల్వు అనే పేరు పెట్టడం ఊరికే కాదు.

ఘనపదార్థంలో ఈ ఏకదిశా గుణం అంతకన్నా పాతది. 1874లో ఫెర్డినాండ్ బ్రౌన్ సల్ఫైడు స్ఫటికాలలో దీన్ని గమనించాడు. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గెలీనా స్ఫటికంతో చేసిన శోధకానికి 1904లో అమెరికా పేటెంటు లభించింది. మనం కాపురాలుంటున్న ఈ న్యూజెర్సీలోనే, హోమ్‌డెల్‌లో, 1940లో బెల్ ప్రయోగశాలల రస్సెల్ ఓల్ పగులున్న ఒక సిలికాన్ ముక్క మీద వెలుగు పడితే వోల్టేజి పుట్టడం చూశాడు. ఆ ముక్కలో ఒక భాగం ఒక తీరుది, మరొక భాగం మరొక తీరుది. తేడాకు కారణమేమిటి? ఇక్కడ మా రసాయనులు గర్వపడే ఘట్టం ఒకటుంది. ఆ ప్రయోగశాలల్లోని స్కాఫ్, థూరర్ అనే లోహశాస్త్రజ్ఞులు ఒక రకం సిలికాన్ దిమ్మలు పగలగొట్టినప్పుడు వచ్చిన వాసనను పసిగట్టారు. అది కార్బైడుతో ఎసిటిలీన్ తయారుచేసేటప్పుడు వచ్చే వాసన. మామిడికాయలు కార్బైడు పెట్టి ముగ్గబెట్టే కొట్టు ముందు నుంచి నడిచినవారెవరికైనా ఆ ఘాటు తెలుసు. అది కార్బైడులోని ఫాస్ఫరస్ మాలిన్యం నుంచి వెలువడే ఫాస్ఫీన్ వాసన. ఆనాటి పరికరాలకు అందనంత స్వల్పంగా ఉన్న ఫాస్ఫరస్‌ను ముక్కు పట్టుకుంది. ఇవాళ డయోడులో ఒక పొరకు ఫాస్ఫరస్, మరొక పొరకు బోరాన్ కొలిచి కలుపుతున్నామంటే దాని వెనుక ఆ వాసన కూడా ఉంది.

అంకెలు కొద్దిగా చూద్దాం. నా పెట్టెలో రెండు తీగల నడుమ ఉన్న భారం సుమారు 300 ఓముల నిరోధంతో సమానమనుకుందాం. మైనస్ 15 ముందు లేచి, ప్లస్ తీగ డయోడు వల్ల మైనస్ 0.7 దగ్గర ఆగితే, భారం మీద పడేది 14.3 వోల్టులు, పారేది 48 మిల్లీఏంపియర్లు. డయోడులో ఖర్చయ్యేది 33 మిల్లీవాట్లు, వేలు పెట్టినా వెచ్చదనం తెలియదు. ఒక ఏంపియరు భరించే 1ఎన్4002కు ఇది లెక్కలోనిది కాదు. కాని పెద్ద సరఫరాల విషయంలో జాగ్రత్త అవసరం. ఒక వైపు ఫ్యూజు పోయి, రెండో వైపు గంటల తరబడి పనిచేస్తూ ఉంటే, ఆ విద్యుత్తంతా డయోడే మోయాలి. అక్కడ మూడు ఏంపియర్ల 1ఎన్5402 వంటిది వాడాలని నా సలహా. చలిలో మొరాయించే పెట్టెకైతే 0.7కు బదులు దానిలో సగానికి అటూ ఇటూగా ఆపేసే షాట్కీ డయోడు మరీ మంచిది.

గడియ పడే ప్రమాదాన్ని తప్పించడం ఒక్కటే దీని ప్రయోజనమైతే ఇంత ఆవేశంగా రాసేవాణ్ణి కాను. రెండో ప్రయోజనం నా శాస్త్రానికి చెందింది. రెగ్యులేటరు అవుట్‌పుట్ దగ్గర సాధారణంగా ఒక ఎలక్ట్రొలైటిక్ కెపాసిటరు ఉంటుంది. దానిలో చుట్టిన రెండు అల్యూమినియం రేకులు, మధ్య ద్రావకంలో నానిన కాగితం. ప్లస్ రేకు మీద విద్యుద్రసాయన పద్ధతిలో పెంచిన ఆక్సైడు పొర, వోల్టుకు ఒక నానోమీటరు పైచిలుకు మందాన ఉంటుంది. అవాహకం అదే, కెపాసిటరు ప్రాణమూ అదే. మైనస్ రేకు మీద గాలి తగిలి సహజంగా ఏర్పడిన పలుచని పొర మాత్రమే ఉంటుంది, అది ఒకటి ఒకటిన్నర వోల్టులకు మించి ఓర్చుకోలేదు. ధ్రువాలు తిరగబడితే ఆ మైనస్ రేకు ఆనోడుగా మారి ఆక్సీకరణం చెందడం మొదలుపెడుతుంది, అవతలి రేకు దగ్గర హైడ్రోజన్ వాయువు పుడుతుంది. డబ్బా ఉబ్బుతుంది, మూత చిట్లుతుంది. అప్పుడు పోకపోయినా బలహీనపడి మరుసటి ఏడాది పోతుంది, అప్పుడు కారణం ఎవరికీ తెలియదు. డయోడు ఉంటే తిరగబడే వోల్టేజి 0.7 దాటదు. సహజంగా ఏర్పడిన ఆ పలుచని పొర అంతవరకు తట్టుకుంటుంది. సిలికాన్ ఒక గుణం, అల్యూమినియం ఒక గుణం, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి, ఇలా ఒకదానికొకటి సరిపోవడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

రెండు డయోడులు అయ్యాయి. మిగిలిన రెండు రెగ్యులేటరు అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు, దాని వీపు మీదుగా వేసేవి. స్విచ్చి ఆర్పినప్పుడు, లేదా ఇన్‌పుట్ వైపు షార్టు అయినప్పుడు, ఇన్‌పుట్ ముందుగా పడిపోయి అవుట్‌పుట్ కెపాసిటరు నిండుగా మిగిలిపోతే, ఆ నిలువ రెగ్యులేటరు గుండా వెనక్కు దూకుతుంది. 1000 మైక్రోఫారడుల కెపాసిటరులో 15 వోల్టుల దగ్గర ఉండేది 0.11 జౌలు. వినడానికి స్వల్పం. కాని ఎల్‌ఎమ్317 వివరపత్రం చెప్పేదేమిటంటే, 10 మైక్రోఫారడుల కెపాసిటరు కూడా షార్టయితే 20 ఏంపియర్ల పోటు ఇవ్వగలదు. ఆ చిప్పు విషయంలో 25 మైక్రోఫారడుల లోపు అయితే డయోడు అవసరం లేదని కూడా అదే పత్రం అంటుంది. నా పెట్టెలో ఉన్నది అంతకు ఎన్నో రెట్లు పెద్దది. ప్లస్ రెగ్యులేటరుకు చార ఉన్న కొస ఇన్‌పుట్ వైపు, మైనస్ దానికి చార ఉన్న కొస అవుట్‌పుట్ వైపు ఉండాలి. ఈ రెండింటి మీద నేను అంత పట్టు పట్టను. అవుట్‌పుట్ కెపాసిటర్లు చిన్నవైతే వదిలేయవచ్చు. మొదటి రెండింటి విషయంలో మాత్రం రాజీ లేదు.

ఈ మాట ఎలక్ట్రానిక్సులో నాకన్నా ఎంతో ప్రవీణుడైన మిత్రునితో అంటే ఆయన నవ్వారు. "డాక్టరుగారూ, నేను ఇరవై పెట్టెలు కట్టాను, ఒక్కదానిలోనూ అవి లేవు, ఒక్కటీ మొరాయించలేదు" అన్నారు. ఈ వాదనను నేను గౌరవించలేను. ఆయన పెట్టెలన్నీ వెచ్చని గదుల్లో, సమానమైన కెపాసిటర్లతో, ఒకే భారంతో పనిచేశాయి. నాదీ వంటింటి బల్ల మీద పదికి పదిసార్లు పనిచేసిందే కదా! ఒక చర్య ఇరవైసార్లు ప్రశాంతంగా జరిగిందని ఇరవయ్యొకటోసారి కళ్ళద్దాలు తీసేసే విద్యార్థిని నేను ప్రయోగశాలలోకి రానివ్వను. కొన్ని కొత్త రెగ్యులేటర్లలో ఈ రక్షణ లోపలే ఉంటుందని ఆయన అన్న రెండో మాటలో నిజముంది. కాని మన పెట్టెల్లో ఉన్నవి అవి కావు. ఇవాళ ఎక్కువ పరికరాలు ఒకే సరఫరాతో నడుస్తున్నాయన్న మూడో మాటా నిజమే. సంగీతం కోసం, కొలతల కోసం చేసే పరికరాలు మాత్రం జంట సరఫరాను ఇంకా వదలలేదు.

అసలు అడ్డంకి సాంకేతికమైనది కాదని నా అనుమానం. ఏమీ చేయకుండా కూర్చునే భాగానికి డబ్బు పెట్టడమంటే మనకు మనసొప్పదు. పెట్టె కట్టేనాడు నేను వివరపత్రాలు చదివాను. జంట సరఫరా బొమ్మలో ఆ డయోడులు స్పష్టంగా గీసి ఉన్నాయి. చూశాను కూడా. దుకాణానికి మళ్ళీ వెళ్ళే ఓపిక లేక, "తరువాత వేద్దాం" అనుకున్నాను. మన పిల్లలు సైన్సు ప్రదర్శనలకు తయారుచేసే నమూనాలను చూసినప్పుడల్లా నాకిప్పుడు ఆ తరువాత గుర్తుకొస్తుంది. న్యాయనిర్ణేతలు అది ఏం చేస్తుందని అడుగుతారు. ఒక తీగ ఊడితే ఏమవుతుంది, చలిలో పెడితే ఏమవుతుంది అని ఎవరూ అడగరు. వచ్చే ఏడాది నేను న్యాయనిర్ణేతగా కూర్చుంటే అడుగుతాను, తల్లిదండ్రులకు ఇప్పుడే చెబుతున్నాను.

పెట్టెను బాగుచేశాను. రెండు వైపులా 4700 మైక్రోఫారడుల కెపాసిటర్లే పెట్టాను, నాలుగు డయోడులూ వేశాను. మా ఇంట్లోవారి అభ్యంతరాలను లెక్కచేయక, ప్లాస్టిక్ సంచిలో చుట్టి రాత్రంతా డీప్ ఫ్రీజరులో, ఆవకాయ సీసా పక్కన ఉంచి, ఉదయం బయటికి తీసి యాభైసార్లు ఆర్పి వెలిగించాను. యాభైసార్లూ రెండు తీగలూ లేచాయి. తరువాత కావాలని మైనస్ వైపు ఫ్యూజు పీకి, అరగంట వదిలేశాను. డయోడు పైని కొలిచిన వోల్టేజి 0.68. ఫ్యూజు తిరిగి పెడితే మైకు పలికింది.

ఇళ్ళలో సొంతంగా కట్టుకున్న ఏంప్లిఫయర్లు, వీణకో వయొలినుకో అమర్చుకున్న ప్రీఏంప్లిఫయర్లు ఉన్న కుటుంబాలు మన సంఘంలో కొన్ని ఉన్నాయని తెలుసు. మూత తెరిచేముందు ప్లగ్గు పీకండి, కనీసం అయిదు నిమిషాలు ఆగండి, ట్రాన్స్‌ఫార్మరుకు 120 వోల్టులు వచ్చే వైపు చెయ్యి పెట్టకండి. లోపల 7815, 7915 అని రాసి ఉన్న చిప్పులు కనబడి, వాటి పక్కన చారల డయోడులు కనబడకపోతే ఉగాది నాడు వెంట తీసుకురండి. పులిహోర పంచే బల్లకు ఎడమవైపు గదిలో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా సోల్డరింగ్ ఐరనుతో కూర్చుంటాను. డయోడులు నావే. తెనాలి పెద్దావిడ ఈసారి ఉగాదికి కూతురింటికి మళ్ళీ వస్తున్నారట. కార్యక్రమంలో ఆవిడ పేరు మొదట వేయమని కార్యదర్శిగారిని అడిగాను.